ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పంపే ముందు డిజైన్ ఫైలును సిద్ధం చేసుకోవడం ఎలా?

కంప్యూటర్ తెరమీద ముచ్చటగా కనిపించిన కరపత్రం అచ్చయి చేతికి వచ్చేసరికి సముద్రపు నీలం ఊదారంగుకు తిరగడం, కాగితం అంచున సన్నని తెల్లగీత మిగిలిపోవడం, ‘విశాఖపట్నం’ అన్న మాటలో వత్తు విడిపోయి ‘విశాఖపట్‌నం’ అని పడడం అచ్చు పనులు చేయించుకునేవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బందులే. ఈ మూడింటికీ మూలం చాలావరకు ఫైలులోనే ఉంటుంది. ప్లేట్లు తయారై మిషన్ ఎక్కిన తరువాత వాటిని సరిదిద్దడానికి ప్రెస్సువారి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. మీరు విశాఖ డాబాగార్డెన్స్‌లోని ప్రెస్సుకు ఇచ్చినా, వేల సంఖ్యలో కావాలని విజయవాడకో శివకాశికో పంపినా, ఫైలు మీ చేతిలో ఉండగానే చేసుకోవలసిన పనులు ఇవే. మాట తేలికగా సాగడానికి ఒక పనిని ఉదాహరణగా తీసుకుందాం: మధురవాడలో కొత్తగా తెరుస్తున్న ఒక దంతవైద్యశాలకు ఏ4 సైజులో, రెండు వైపులా మల్టీకలర్‌లో, మూడు భాగాలుగా మడిచే బ్రోచర్ కావాలనుకోండి.

ముందు ప్రెస్సువారితో మాట్లాడండి

డిజైన్ మొదలుపెట్టక ముందే ప్రెస్సుకు వెళ్లి కాగితం ఏది, ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), ఏ సైజు షీటుమీద వేస్తారు, ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్‌లోనా, ప్లేట్లు లేకుండా నేరుగా ఫైలు నుంచి వేసే డిజిటల్‌లోనా అన్నవి అడిగి రాసుకోండి. వంద, రెండు వందల కాపీలకు డిజిటల్ ప్రింటింగ్ చాలు. వెయ్యి దాటితే సాధారణంగా ఆఫ్‌సెట్‌లోనే గిట్టుబాటు అవుతుంది. షీటు సైజు అడగమనడానికి కారణం ఉంది. మన దగ్గర ఆర్ట్ పేపరు (నున్నని పూత ఉన్న కాగితం) ఎక్కువగా 20×30, 23×36, 25×36 అంగుళాల షీట్లలో దొరుకుతుంది. కత్తిరింపు అంచులతో కలిపి ఏ4 పేజీ దాదాపు 8.5×12 అంగుళాలు అవుతుంది కాబట్టి 25×36 షీటులో ఎనిమిది పడతాయి. 23 అంగుళాల వెడల్పులో మాత్రం రెండు పేజీలు నిలువుగా ఒకదాని కింద ఒకటి పట్టవు కనుక ఎనిమిది రావు. పుస్తకాలకు వాడే 1/8 డెమ్మీ, 1/4 క్రౌన్ సైజులు ఇలా షీటును వృథా చేయకుండా వాడుకోవడానికి పుట్టినవే. మీ మనసులో ఉన్న సైజును అర అంగుళం తగ్గించుకుంటే కాగితం ఖర్చు ఎంత తగ్గుతుందో ప్రెస్సులో కటింగ్ చేసే మనిషి నిమిషంలో చెప్పగలడు. డిజైన్ అంతా పూర్తయ్యాక ఈ సంగతి తెలిస్తే మళ్లీ మొదటి నుంచి సర్దుకోవలసి వస్తుంది.

సైజు, బ్లీడ్, మడతలు

పేజీని అసలు సైజులోనే తెరవండి. మన బ్రోచరుకు అది 297×210 మిల్లీమీటర్లు. దీనికి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల చొప్పున బ్లీడ్, అంటే కోత గీత దాటి బయటికి వదిలే అదనపు అంచు, చేర్చండి. అప్పుడు ఫైలు మొత్తం 303×216 అవుతుంది. కటింగ్ మిషన్‌లో వందల కాగితాలను ఒక్కసారిగా కోస్తారు కాబట్టి కోత కొంచెం అటూ ఇటూ జరగడం మామూలే. అంచు దాకా వచ్చే రంగునూ ఫోటోనూ బ్లీడ్ గీత వరకు సాగదీస్తే, కోత జరిగినా తెల్లగీత కనబడదు. ఇదే కారణంతో అక్షరాలు, లోగో, ఫోన్ నంబరు వంటివి కోత గీతకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. పేజీ చుట్టూ సన్నని బోర్డరు గీయడం మనవారికి ఇష్టమే అయినా, కోతలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా అది ఒక వైపు లావుగా, ఇంకో వైపు సన్నగా కనిపించి పని మొత్తం వంకరగా ఉన్నట్టు తోస్తుంది. అందుచేత కోత గీతకు దగ్గరగా బోర్డరు పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మడతల విషయంలో చాలామంది 297ను మూడుతో భాగించి 99, 99, 99 అని గీతలు పెట్టేస్తారు. లోపలికి మడిచే భాగం మిగతా రెండింటికంటే కొంచెం ఇరుకుగా లేకపోతే అది మడతలో ఇరుక్కుని ఉబ్బుతుంది, బ్రోచరు సరిగా మూసుకోదు. కాబట్టి లోపలి వైపు ఎడమ నుంచి 100, 100, 97 మిల్లీమీటర్లుగా విభజించండి. బయటి వైపుకు వచ్చేసరికి ఆ ఇరుకు భాగం ఎడమకు మారుతుంది కనుక అక్కడ వరుస 97, 100, 100 అవుతుంది; కుడి చివరిది ముఖచిత్రం, నడుమది వెనక అట్ట. ఏ4 కాగితం రెండింటిమీద ఈ గీతలు పెన్సిలుతో గీసి, వెన్నుకు వెన్ను అంటించి, మడిచి చూసుకుంటే ఏ భాగం ఎక్కడికి వస్తుందో తేటతెల్లమవుతుంది. కాగితం 170 జీఎస్ఎం లేదా అంతకంటే మందమైతే మడతకు ముందు క్రీజింగ్ (మడత చోట గాడి నొక్కడం) చేయమని చెప్పండి, లేకపోతే మడత దగ్గర ముదురు రంగు పగిలి తెల్లగా కనిపిస్తుంది.

రంగులు

తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలి కాంతులను కలిపి రంగు చూపిస్తుంది. దీనినే ఆర్‌జీబీ అంటారు. ప్రెస్సు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలను కాగితంపై అద్దుతుంది, ఇది సీఎంవైకే. వెలుగుతో వచ్చే కొన్ని రంగులు సిరాతో రావు. ఆర్.కె. బీచ్‌లో మధ్యాహ్నపు ఎండలో తీసిన సముద్రపు ఫోటోను సీఎంవైకేలోకి మార్చి చూడండి, నీలాకుపచ్చలోని మెరుపు కళ్లముందే తగ్గిపోతుంది. చిలకపచ్చ, మిరుమిట్లు గొలిపే నారింజ కూడా ఇంతే. అందువల్ల డిజైన్‌ను మొదటి నుంచీ సీఎంవైకేలోనే చేసుకుంటే ఆఖరున నిరాశ ఉండదు. ఏ కలర్ ప్రొఫైల్ (ఏ కాగితంమీద సిరాలు ఎలా కనిపిస్తాయో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే సెట్టింగు) వాడాలో ప్రెస్సును అడగండి. వారు ప్రత్యేకంగా ఏదీ చెప్పకపోతే ఆర్ట్ పేపరుకు ఫోగ్రా 39 అనే అచ్చు ప్రమాణం ఆధారంగా ఉన్న ప్రొఫైల్ తీసుకోవచ్చు. క్యాన్వాలో డిజైన్ చేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఉచిత ఖాతా నుంచి వచ్చే పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే ఉంటుంది, సీఎంవైకే ఎంపిక ప్రో ఖాతాలో ఉంటుంది.

నీలం ఊదాగా మారే చిక్కుకు విరుగుడు సులభమే. సయాన్ 100, మెజెంటా 100 కలిస్తే వచ్చేది ఊదారంగు. నీలం నీలంగానే ఉండాలంటే మెజెంటా సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువ ఉండాలి. సయాన్ 100, మెజెంటా 70 అని పెట్టి చూడండి. రంగును తెరమీద చూసి ఎంచుకోవడం కంటే ప్రెస్సులో ఉండే అచ్చు షేడ్ కార్డును చూసి అంకెలు రాసుకోవడం ఎప్పుడైనా మేలు.

నలుపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చదవలేని అచ్చుకు ఎక్కువసార్లు ఇదే కారణం. ఫోటోషాప్‌లో మామూలుగా ఉండే సెట్టింగులతో ఆర్‌జీబీ నలుపును సీఎంవైకేలోకి మార్చితే అది సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. మొత్తం 300 శాతం సిరా. దానితో రాసిన చిన్న అక్షరం నాలుగు ప్లేట్ల నుంచి నాలుగుసార్లు ఒకే చోట పడాలి. విశాఖ వంటి సముద్రతీరంలో గాలి తేమకు కాగితం కొద్దిగా సాగుతుంది, అది కూడా అన్ని వైపులా సమంగా సాగదు. ప్లేట్ల మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా అక్షరం చుట్టూ ఎర్రటి, నీలి నీడలు కనిపిస్తాయి. కాబట్టి మేటర్ (చదివే అక్షరాలు) అంతా నలుపు 100, మిగతా మూడూ 0గా ఉండాలి, దానికి ఓవర్‌ప్రింట్ (కింది రంగును తొలగించకుండా దానిమీదే అచ్చు వేయడం) పెట్టాలి. ఇందులో ఇంకో లాభం ఉంది: ప్లేట్లు తయారయ్యాక ఫోన్ నంబరులో ఒక అంకె తప్పని తేలితే నలుపు ప్లేటు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది, నాలుగు ప్లేట్ల ఖర్చు పడదు. పెద్ద నల్లని నేపథ్యానికి మాత్రం ఉత్త నలుపు వెలిసినట్టు ఉంటుంది. అక్కడ సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 వాడండి. ఏ చోటా మొత్తం సిరా ఆర్ట్ పేపరుమీద సుమారు 300 శాతం, న్యూస్‌ప్రింటుమీద 240 శాతం దాటకూడదు. దాటితే అచ్చు త్వరగా ఆరక పైషీటు వెనకకు మరకలు అంటుకుంటాయి, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

ఫోటోలు

అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలన్నది ప్రమాణం. ఫోనులో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫోటోలో 4000×3000 పిక్సెళ్లు ఉంటాయి కనుక అది 13×10 అంగుళాల వరకు నిక్షేపంగా వస్తుంది. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలు పద్ధతిలో చేతులు మారితే కుదించుకుపోతుంది. పొడవు 1600 పిక్సెళ్లకు తగ్గిందనుకుంటే ఐదు అంగుళాలకు మించి పెంచలేరు. డాక్టరుగారిని ఫోటోలు డాక్యుమెంటుగా పంపమనండి, లేదా డ్రైవ్‌లో పెట్టమనండి. తక్కువ పిక్సెళ్లున్న ఫోటోకు ఫోటోషాప్‌లో 300 అని అంకె మార్చినంత మాత్రాన లేని వివరం పుట్టుకురాదు. లోగోను మాత్రం ఫోటోగా కాక వెక్టర్ ఫైలుగా (ఎంత పెంచినా పదును తగ్గని గీతల రూపంలో) అడిగి తీసుకోండి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీలకు 300 అక్కర్లేదు, అసలు సైజులో 72 నుంచి 150 వరకు ఉంటే చాలు.

తెలుగు అక్షరాలు

మన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడ. ఎంత మంచి కాగితంమీద వేసినా తెలుగు తప్పుగా పడితే ఆ బ్రోచరును జనానికి పంచడం కష్టం.

తెలుగు డీటీపీలో రెండు దారులున్నాయి. అను వంటి పాత ఫాంట్లలో రోమన్ అక్షరాల స్థానంలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తుల ముక్కలను పెట్టారు. ఆ ముక్కలు పక్కపక్కన చేరి తెలుగులా కనిపిస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలే కనిపిస్తాయి. 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయిన పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కాబట్టి దానిమీద ఆధారపడినచోట ఇప్పటికీ పాత ఫాంట్లే నడుస్తున్నాయి. రెండో దారి యూనికోడ్. ఇందులో టైపు చేసిన మేటర్ ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే ఉంటుంది, వెతకవచ్చు, తిరిగి వాడుకోవచ్చు. అయితే అక్షరాన్నీ వత్తునూ జతచేసి చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని జరగకపోతే ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అవుతుంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్లను పైకి తెచ్చుకోండి. ఒక దారిలోని మేటర్‌ను కన్వర్టర్‌తో ఇంకో దారిలోకి మార్చితే మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు మళ్లీ చదవక తప్పదు. కొటేషన్ గుర్తులు, అంకెలు, అరుదైన జంట వత్తులు ఎక్కువగా అక్కడే తారుమారవుతాయి.

కొత్త ఫాంటు వాడే ముందు ‘స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, దుఃఖం, కృష్ణ, ఎక్స్‌రే’ అన్న మాటలు టైపు చేసి, అసలు సైజులో లేజర్ ప్రింట్ తీసి చూడండి. చివరి మాట మన దంతవైద్యశాలకు ఎలాగూ కావాలి. సకార పొల్లు తరువాత విడదీసే గుర్తు పెట్టకపోతే అది ‘ఎక్స్రే’ అయిపోతుంది. ఇన్‌డిజైన్‌లో ఆ గుర్తు టైప్ మెనూలోని ప్రత్యేక అక్షరాల జాబితాలో నాన్‌జాయినర్ పేరుతో దొరుకుతుంది. కొన్ని ఫాంట్లలో ఆ గుర్తు లేక దాని చోట చిన్న డబ్బా పడుతుంది. అలాంటి ఫాంటును పక్కన పెట్టడమే మంచిది. మండలి, రామభద్ర, సురన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వీటిలో మేటర్‌కు మండలి, శీర్షికలకు రామభద్ర బాగా నప్పుతాయి.

వరుసల మధ్య దూరం ఇంగ్లిషుకు పెట్టినంత పెడితే సరిపోదు. పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తాకుతుంది. 11 పాయింట్ల మేటర్‌కు 16 లేదా 17 పాయింట్ల దూరం ఇవ్వండి. ముదురు రంగుపై తెల్లని అక్షరాలు వేసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. నాలుగు సిరాలు చుట్టుముట్టిన చోట ‘థ’లోని చుక్క, ‘ధ’ కింది ఒత్తు సిరాతో పూడుకుపోయి చూసేవారికి రెండూ ‘ద’లా కనిపిస్తాయి. ‘దంత’ ఫరవాలేదు కానీ ‘వ్యాధి’ చదవలేకుండా పోతుంది. అటువంటి చోట 10 పాయింట్లకు తగ్గించవద్దు, సన్నని ఫాంటు వాడవద్దు, నేపథ్యాన్ని ఒకటి రెండు సిరాలకు పరిమితం చేయండి. ఫాంటులో బోల్డ్ లేదని అక్షరాల చుట్టూ గీత పెట్టి లావు చేయడం కూడా ఇదే పూడికకు దారితీస్తుంది.

మేటర్ విషయంలో ఇంకో చిన్న మాట. ఎన్నికల కరపత్రమైతే ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 127ఏ సెక్షన్ ప్రకారం ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు దానిమీద ఉండి తీరాలి. డిజైన్ దశలోనే దానికి చోటు విడిచిపెట్టండి.

పుస్తకాలు, సావనీర్లు

పిన్నింగ్ (నడుమ పిన్నులు కొట్టే) పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడాలి. అతికించే బైండింగ్‌కు పదహారు పేజీల ఫారాల (ఒకే షీటుమీద కలిపి అచ్చువేసే పేజీల జట్ల) లెక్కన ఉంటే ప్రెస్సుకు అనుకూలం. పేజీలను మీరే జతలుగా పేర్చవద్దు, ఒక్కొక్కటిగా వరుసలో ఇవ్వండి. ఫారాలుగా కూర్చే పని ప్రెస్సులోనే జరుగుతుంది. వెన్ను మందం ఊహించి పెట్టడం వల్ల ఎన్నో అట్టలు పాడవుతున్నాయి. 70 జీఎస్ఎం మాప్లిథోలో (పుస్తకాలకు వాడే పూత లేని కాగితం) 200 పేజీలంటే 100 ఆకులు, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. అయినా మిల్లునుబట్టి మందం మారుతుంది కాబట్టి అదే కాగితంతో ఖాళీ డమ్మీ కట్టించి, స్కేలు పెట్టి కొలిచిన తరువాతే అట్ట ఫైలు పూర్తిచేయండి. స్పాట్ యూవీ (కొన్ని చోట్ల మాత్రమే వేసే మెరుపు పూత), బంగారు ఫాయిల్ వంటివి ఉంటే వాటిని వేరే పొరలో, వేరే స్పాట్ రంగు (నాలుగు సిరాలతో కలపని విడి రంగు) పేరుతో, ఓవర్‌ప్రింట్ పెట్టి, వెక్టర్ రూపంలోనే ఇవ్వాలి.

పీడీఎఫ్ తీయడం, పరీక్షించడం

ప్రెస్సు వేరేగా అడగకపోతే పీడీఎఫ్/ఎక్స్-1ఏ పద్ధతిలో తీయండి. ఈ ప్రమాణం ప్రకారం ఫాంట్లన్నీ ఫైలులోనే ఉండాలి, ఆర్‌జీబీకి చోటు లేదు, పారదర్శకంగా పెట్టిన నీడలన్నీ చదునవుతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రెస్సులు పీడీఎఫ్/ఎక్స్-4నూ తీసుకుంటాయి. తీసేటప్పుడు క్రాప్ మార్కులు (కోత ఎక్కడో చూపే గీతలు), 3 మిల్లీమీటర్ల బ్లీడ్ టిక్కు పెట్టడం మరువకండి. డిజైన్‌లో బ్లీడ్ ఉండి కూడా ఇక్కడ టిక్కు లేక పోగొట్టుకునే ఫైళ్లు చాలా ఉంటాయి. ప్రెస్సువారు కోరెల్‌డ్రా ఫైలే కావాలంటే మేటర్‌ను కర్వ్స్ చేసి, వారి వెర్షన్‌లో సేవ్ చేసి ఇవ్వండి. కర్వ్స్ చేశాక అక్షరం బొమ్మ అయిపోతుంది, ఒక్క దీర్ఘం కూడా దిద్దలేరు. అందుకని దిద్దడానికి వీలున్న కాపీని విడిగా ఉంచుకుని, కర్వ్స్ చేసిన ఫైలును కొత్త పేరుతో సేవ్ చేయండి.

తరువాత ఆ పీడీఎఫ్‌ను అక్రోబాట్ ప్రోలో తెరవండి. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లోని ఫాంట్ల జాబితాలో ప్రతి ఫాంటు పక్కన ఎంబెడెడ్ (ఫైలులోనే చేరి ఉంది) అని ఉందా చూడండి. అవుట్‌పుట్ ప్రివ్యూలో నలుపు ప్లేటును ఆపితే మేటర్ మొత్తం మాయమైపోవాలి. ఇంకా మసకగా కనిపిస్తోందంటే మిగతా సిరాలు అందులో కలిసి ఉన్నట్టే. ఓవర్‌ప్రింట్ చూపించే ఎంపికను వేసి మరోసారి చూడండి. తెల్లని అక్షరాలకు పొరపాటున ఓవర్‌ప్రింట్ పెట్టి ఉంటే తెరమీద ఉన్నవి అచ్చులో కనబడకుండా పోతాయి, ఆ సంగతి ఇక్కడే తెలుస్తుంది.

ప్రూఫ్

అసలు సైజులో ప్రింట్ తీసి, మడిచి, డిజైన్ చేయని మరో మనిషి చేత చదివించండి. చేసిన కన్ను తన తప్పును దాటిపోతుంది. పేర్లు, డిగ్రీలు, ఫోన్ నంబరులోని పది అంకెలు, తేదీకి వారం సరిపోయిందా లేదా అన్నవి ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు కాగితంమీద టిక్కు పెట్టాలి. క్యూఆర్ కోడ్‌ను తెరమీద కాదు, ఆ ప్రింటుమీదే రెండు వేర్వేరు ఫోన్లతో స్కాన్ చేయండి. రంగు ముఖ్యమైన పనికి ప్రెస్సు నుంచి కలర్ ప్రూఫ్ అడిగి, ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో చూసి, సంతకం, తేదీ వేసి ఇవ్వండి. వీలైతే మొదటి షీట్లు వచ్చే సమయానికి మిషన్ దగ్గర ఉండండి. సిరా ఎక్కువ తక్కువలను అప్పుడే సర్దగలరు.

ఫైలుతోపాటు ఒక చిన్న కాగితం జతచేయండి. పని పేరు, కోసిన తరువాతి సైజు, కాగితం, జీఎస్ఎం, కాపీల సంఖ్య, మడతల వరుస, లామినేషన్ మ్యాట్‌దా (మెరుపు లేనిది) గ్లాసీదా (మెరిసేది) అన్నవి అందులో ఉంటే ఫోనులో చెప్పిన మాటమీద ఆధారపడే అవసరం ఉండదు. పని పూర్తయ్యాక లింకులు, ఫాంట్లతో సహా ఫైలు మొత్తాన్ని ప్యాకేజీ చేసి దాచండి. ఆఖరి నిమిషంలో ప్రెస్సులోని ఆపరేటర్ ఏ చిన్న దిద్దుబాటు చేసినా అది వారి కంప్యూటర్లోనే ఉండిపోతుంది కాబట్టి, ప్లేటుకు వెళ్లిన ఆ చివరి ఫైలును కూడా అడిగి తెచ్చుకుని మీ ప్యాకేజీలో చేర్చుకోండి.